షోకేసులో పట్టే కంప్యూటర్

మా అత్తగారింటి హాల్లో గోడ పొడవునా నడుమెత్తు టేకు షోకేసు ఒకటుండేది. ముందువైపు జరిపే అద్దాలు, ఆ అద్దాలకి ఒక తాళం. తాళంచెవి మా అత్తగారి బొడ్లో. షోకేసు నెత్తిన టీవీ. లోపలి అరల్లో పింగాణీ కప్పులు, శంఖాలు, ఎవరో ఎక్కడినుంచో తెచ్చిన చెక్కబొమ్మలు, కింది అరలో తెల్ల లేసు గుడ్డ కప్పిన పాత రేడియో. ఆ అద్దాలు పక్కకి జరగడం నేను దసరాకి దుమ్ము దులిపేటప్పుడే చూశాను. పని అవగానే మళ్ళీ తాళం పడేది.

పెళ్ళయ్యాక మామూలుగా అమ్మాయి సర్దుకుని అత్తారింటికి వెళ్తుంది. మా పెళ్ళిలో సర్దుకున్నది నేను. మా ఇంట్లో ముగ్గురు మగపిల్లల్లో ఆఖరివాణ్ణి, పొలం లేనివాణ్ణి, బందరులో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అమ్మాయి ఒక్కతే సంతానం, అవనిగడ్డ దగ్గర పల్లెలో ఇల్లు, వరిపొలం, రెండు చేపల చెరువులు ఉన్నాయి అన్నారు. అల్లుడు ఇంట్లోనే ఉండాలి అన్నారు. సరే అన్నాను. ఆ ఇంటికి ఇల్లరికం కొత్త కాదు. మా మామగారూ అలా వచ్చినవారే.

ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. అదే తంటా. ఎవరైనా ఒక మాటంటే తిరిగి ఒక మాట అని ఇంట్లో మనిషినైపోయేవాణ్ణి. మా అత్తగారు "బాబూ" అని పిలిచి "మీరు" అని మాట్లాడేవారు. అన్నం ముందు నాకే వడ్డించేవారు. నేను నీళ్ళగ్లాసు తీసుకోబోతే ముగ్గురు లేచేవారు. హాల్లో నేను కూర్చుంటే కుర్చీ ఫ్యాను కిందకి జరిపేవారు, లేస్తే దాన్ని మళ్ళీ దాని చోట పెట్టేసేవారు. రెండేళ్ళు గడిచినా భోజనానికి పిలిచిన చుట్టంలాగే ఉన్నాను, భోజనం మాత్రం అయిపోవడం లేదు. రోజూ సాయంత్రం బస్సు చల్లపల్లి దాటి పులిగడ్డ వారధి మీదకి ఎక్కగానే నాకు ఊపిరి బిగపట్టినట్టయ్యేది.

మామగారిని చూస్తే ఇంకా చిరాకు. మంచి మనిషి, కానీ ఏదడిగినా "మీ అత్తయ్యనడుగు" తప్ప వేరే మాట రాదు. చెరువులో మేత దగ్గర్నుంచి వాకిట్లో లైటు దాకా అదే జవాబు. వీధి అరుగు మీద పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చునేవారు. ఈయనలా తయారుకాకూడదు అని నేను గట్టిగా అనుకుంటూ ఉండేవాణ్ణి.

అలాంటి రోజుల్లోనే హాల్లో టీవీకి కంప్యూటర్ కలపాలన్న పిచ్చి పట్టింది. అప్పుడప్పుడే ఆ మాట వినబడుతోంది: సినిమాలు, పాటలు, ఫొటోలు, టీవీలో వచ్చేది రికార్డు చేసుకోవడం, అన్నీ ఒక్క పెట్టెలో. మోజు ఉంది, కాదనను. కానీ అసలు కారణం మోజు కాదు. ఆ హాల్లో ఎవర్నీ అడక్కుండా నేను ముట్టుకోగల వస్తువు ఒక్కటైనా ఉండాలి. మా పడగ్గదిలో పెట్టుకుంటే ఎవరూ కాదనరు. నాకు హాల్లోనే కావాలి. అక్కడ నా వస్తువు నిలబడితే నేనూ నిలబడతానని నా నమ్మకం. నిలబడకపోతే ఇక ఆ ఇంట్లో నాకు చోటు లేనట్టే లెక్క అని కూడా అనుకున్నాను.

అత్తగారు తేలిగ్గానే ఒప్పుకున్నారు. "మీ ఇష్టం బాబూ, మీ ఇల్లు. షోకేసులో పట్టేది తెచ్చుకోండి. బయట పెడితే ఉప్పుగాలి, బల్లులు, ఎలకలు. లోపలైతే భద్రంగా ఉంటుంది" అన్నారు. శంఖాల అర ఖాళీ చేయించారు కూడా. నేను పొంగిపోయాను. మా ఆవిడ కుట్టుమిషను టేపు తీసుకుని ఆ అర కొలిచాను. వెడల్పుకి లోటు లేదు, లోతు పరవాలేదు, ఎత్తే జానెడు. ఆ జానెడుని తలలో మోసుకుని నేను ఎన్ని షాపులు ఎక్కానో.

బందరులో నాకు తెలిసిన కంప్యూటర్ షాపతను నిలువు కేబినెట్లు వరసగా పెట్టి చూపించాడు. ముందు నీలం లైట్లు, పక్కన అద్దం, పెళ్ళిపందిరికి కట్టినట్టున్నాయి.

"ఇవి నిలబడేవండీ. నాకు పడుకునేది కావాలి. జానెడెత్తు మించకూడదు."

"జానెడెత్తులో డీవీడీ ప్లేయర్ పడుతుంది సార్, కంప్యూటర్ పట్టదు. దీన్నే పడుకోబెట్టండి."

పడుకోబెట్టి టేపు పెట్టి చూశాం. జానెడు దాటింది.

"షోకేసు మార్చెయ్యండి సార్, అదే ఈజీ" అన్నాడతను.

షోకేసు మార్చడం కంటే అత్తగారిని మార్చడం ఈజీ అని పైకి అనలేక నవ్వి ఊరుకున్నాను.

చివరికి గుడివాడలో దొరికింది. మా చిన్నన్నయ్య ఇంటికి వెళ్ళినప్పుడు, పాత కంప్యూటర్లు అమ్మే కొట్లో, అటక కింద. పూర్వం ఆఫీసుల్లో మానిటర్‌ని నెత్తిన పెట్టుకుని మోసిన రకం, బల్లపరుపు ఇనప కేబినెట్. పసుపు తిరిగిపోయింది, మూలలు గీసుకుపోయాయి. టేపు పెట్టి చూస్తే జానెడుకి బెత్తెడు తక్కువ. కొట్టాయన "దీన్నేం చేసుకుంటారండీ, ఇనప్సామాను కింద వేసేద్దామనుకుంటున్నా" అన్నారు. నేను దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకున్నాను.

ఆ తర్వాత కొన్ని వారాలు నేను నిజంగా సంతోషంగా ఉన్నాను. పెట్టె పొట్టి కాబట్టి లోపలికి వెళ్ళే ప్రతిదీ దానికి తగ్గట్టే ఉండాలి. మదర్‌బోర్డు చిన్నది. గ్రాఫిక్స్ కార్డు సగం ఎత్తుది, టీవీకి బొమ్మ పంపే సాకెట్ ఉన్నది. ప్రాసెసర్ పెద్దది పెడితే కాగిపోతుంది, అందుకని ఒక మెట్టు తక్కువది. హాల్లో పెట్టేది రైసు మిల్లులా మోగకూడదు కాబట్టి నెమ్మదిగా తిరిగే ఫ్యాను. ఇక టీవీ ప్రసారాలు పట్టే ట్యూనర్ కార్డు. బందరు షాపులో రెండు రకాలు చూపించారు. ఒకదాంట్లో ఉత్త టీవీ, రెండోదాంట్లో ఎఫ్ఎమ్ రేడియో కూడా, పక్కన చిన్న వైరు యాంటెన్నాతో. నాకు రేడియో అక్కర్లేదు. రిమోటు బాగుందని రెండోది తీసుకున్నాను. కాలేజీ అయ్యాక రోజుకో షాపు, రోజుకో ముక్క. ఏది వద్దు, ఏది కావాలి అని నేనే అనుకుని నేనే తేల్చుకుని ఎంతకాలమైందో! కూర బాగుందా అంటే కూడా ఆ ఇంట్లో నేను తలూపడమే గాని, పెదవి విరిచి ఎరగను.

కేబినెట్‌కి బైకు మెకానిక్ దగ్గర నల్ల రంగు కొట్టించాను. అన్నీ బిగించి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. పులిగడ్డ వారధి మీద ఆ రోజు ఊపిరి బాగానే ఆడింది.

అత్తగారు గుమ్మంలోనే ఆపి, పెట్టె ముందు భాగానికి పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టారు. అరలో పెడితే అతికినట్టు సరిపోయింది. అద్దం చివర చిట్లిన సందులోంచి వైర్లు పైకి లాగి టీవీకి కలిపాను. తెరమీద బొమ్మ రాగానే మా ఆవిడ చప్పట్లు కొట్టింది. మామగారు అరుగు మీంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి చూసి మళ్ళీ వెళ్ళిపోయారు. అప్పుడు అత్తగారు లోపలినుంచి ఒక తెల్ల గుడ్డ తెచ్చారు. అంచులకి లేసు, చేత్తో అల్లింది. నేను షాపులు తిరుగుతున్న వారాల్లో ఆవిడ అర కొలతకి దాన్ని అల్లుతూ కూర్చున్నారట. కింద అరలో రేడియో మీదున్నదీ అదే అల్లిక. గుడ్డ కప్పారు, అద్దం జరిపారు, తాళం వేశారు, చెవి బొడ్లో దోపుకున్నారు.

నేను బిత్తరపోయాను. లోపల పెడితే తాళం నాకిస్తారని నేననుకున్నాను. ఎందుకనుకున్నానో నాకే తెలియదు.

ఆ రోజు నుంచి అది నా దినచర్య అయిపోయింది. స్విచ్ నొక్కాలంటే తాళం. సీడీ మార్చాలంటే తాళం. "అత్తయ్యగారూ, ఒక్కసారి తాళం." ఆవిడ పిండిచేతులు కడుక్కుని, తుడుచుకుని, నవ్వుతూనే వచ్చేవారు. విసుగన్నది లేదు. తీసి, నేను పని చేసుకునేదాకా నిలబడి, మూసి వెళ్ళేవారు. ఆవిడ అలా నిలబడితే నాకు పాట వినాలన్న కోరికే చచ్చిపోయేది. రోజూ అడిగేవాణ్ణి కాస్తా రెండ్రోజులకోసారి అడగడం మొదలుపెట్టాను. తర్వాత ఆదివారం అడిగేవాణ్ణి.

పైగా అది లోపల ఉడికిపోతోంది. నేను ఎన్ని జాగ్రత్తలు పడి ఏరినా, అద్దాలు బిగించి గుడ్డ కప్పితే ఏ యంత్రం మాత్రం బతుకుతుంది? గాలి ఆడక ఫ్యాను గోలపెట్టేది, కాసేపటికి కంప్యూటర్ తనంతట తనే ఆగిపోయేది. గుడ్డ తీసేద్దామంటే అత్తగారు "దుమ్మండీ బాబూ" అనేవారు. అద్దం కొంచెం తెరిచి ఉంచుదామంటే "బల్లి దూరితే?" అనేవారు. రెండింటికీ నా దగ్గర జవాబుంది. ఆవిడ అంత మర్యాదగా అడుగుతుంటే చెప్పడానికి నోరు రాలేదు.

శ్రావణమాసంలో ఇంట్లో నోముకి చుట్టాలొచ్చారు. భోజనాలయ్యాక హాలు నిండా ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు, చాపల మీద పిల్లలు. మా పెళ్ళి వీడియో క్యాసెట్టుని కంప్యూటర్లోకి ఎక్కించి ఉంచాను, అందరికీ చూపిద్దామని. అత్తగారే ఉత్సాహపడి తాళం తీశారు, నేను పెట్టగానే మూసేశారు. జీలకర్ర బెల్లం అయింది. తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి, దోసిలి నిండా బియ్యంతో నేను చేతులెత్తి ఉన్నాను, తెర నల్లబడిపోయింది.

"అల్లుడుగారి సినిమా ఆగిపోయిందే!" అన్నారు ఎవరో పెద్దావిడ. అందరూ నవ్వారు. తప్పేం లేదు, నవ్వే మాటే. నాకు మాత్రం చెవులు వేడెక్కిపోయాయి. "తాళం ఇవ్వండి అత్తయ్యగారూ" అన్నాను. "కాసేపు చల్లారనివ్వండి బాబూ, ముందు వీళ్ళకి తాంబూలాలు ఇద్దాం" అన్నారావిడ. చుట్టాలు పసుపు కుంకుమలు పుచ్చుకుని, టీవీ సంగతి మరిచిపోయి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయారు.

వాళ్ళు వెళ్ళాక నేను ఆగలేకపోయాను. హాల్లో మేం నలుగురమే ఉన్నాం.

"దీనికి గాలి లేదండీ. షోకేసు వెనక చెక్క కోస్తాను. అరచేయంత కన్నం, అంతే. గోడవైపు, ఎవరికీ కనబడదు" అన్నాను.

అత్తగారి మొహంలో రంగు పోయింది. "ఆ చెక్క జోలికి వెళ్ళకండి" అన్నారు. ఈసారి బాబూ అనలేదు.

మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "వదిలెయ్యండి. మీకు తెలియంది కాదుగా" అంది.

తెలుసు. దివిసీమలో ఉప్పెన సంగతి ఎవరికీ ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ నీళ్ళు మా అత్తగారి అన్నదమ్ములిద్దర్నీ తీసుకుపోయాయి. ఇంట్లో చెంబు మిగల్లేదు. కొత్త ఇంట్లో వాళ్ళ నాన్న మొట్టమొదట చేయించింది ఈ షోకేసు, అద్దాలూ తాళమూ పెట్టించి. అందులో పెట్టడానికి అప్పటికి వాళ్ళకి ఏ వస్తువూ లేదట. కొడుకులు లేరు గనక కూతుర్ని ఇంట్లోనే ఉంచి అల్లుణ్ణి తెచ్చుకున్నారు. ఆవిడకి పోవడమంటే ఏమిటో తెలుసు, అందుకే ప్రతిదానికీ తాళం వేస్తారు. ఇదంతా నాకు తెలుసు. ఆవిడ మీద జాలి కూడా ఉంది. కానీ ఆ జాలి వల్లే నేను ఆ ఇంట్లో నోరెత్తలేకపోతున్నాను. ఆ సాయంత్రం నాకు ఆ జాలి మీదే కోపం వచ్చింది.

"అయితే నేనెక్కడ పెట్టుకోనండీ?" అన్నాను. గొంతు పెద్దదైంది. ఆ ఇంట్లో నా గొంతు అంత పెద్దగా నేనే ఎప్పుడూ వినలేదు.

మామగారు కుర్చీలోంచి లేచారు. అరుగు మీదకి వెళ్ళిపోతున్నారు, మామూలే అనుకున్నాను. ఆయన అత్తగారి ముందుకు వెళ్ళి చెయ్యి చాపారు.

"తాళం ఇలా ఇవ్వు."

ఆవిడ ఆయన్ని కొత్తమనిషిని చూసినట్టు చూసి, బొడ్లోంచి తీసి ఇచ్చారు.

మామగారు షోకేసు ముందు కింద కూర్చుని అద్దం జరిపారు. నా కంప్యూటర్ జోలికి వెళ్ళలేదు. కింది అరలోంచి రేడియోని బయటికి తీసి, లేసు గుడ్డ విప్పి, ఒళ్ళో పెట్టుకున్నారు. పైకి కొత్తదానిలాగే ఉంది, గీత కూడా లేదు. వెనక మూత తీస్తే లోపల బ్యాటరీలు కారిపోయి, తీగలన్నీ పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి.

"ఇది మా ముదినేపల్లి నుంచి తెచ్చుకున్నానయ్యా" అన్నారు, నావైపు చూడకుండా. "బస్సులో ఒళ్ళో పెట్టుకుని. పంటల కార్యక్రమం, నాటకాలు, సాయంత్రం పాటలు. నాకదే లోకం. వచ్చిన ఏడాది వానల్లో మీ అత్తయ్య వాళ్ళ నాన్న, 'చెమ్మకి పాడైపోద్ది అల్లుడూ, షోకేసులో పెట్టు' అన్నారు. మంచికే అన్నారాయన. పెట్టాను. కొన్నాళ్ళు తాళం అడిగి తీసుకున్నాను. రోజూ ఏం అడుగుతాం? మానేశాను."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "నాకెప్పుడూ చెప్పలేదేంటండీ?" అన్నారు.

"నువ్వు భద్రంగా చూసుకుంటున్నావుగా" అన్నారాయన. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అరుగు మీద పేపరు అడ్డం పెట్టుకున్న ఆ మనిషిని రెండేళ్ళుగా చిన్నచూపు చూస్తున్నాను. ఆదివారం ఆదివారం తాళం అడుగుతున్నవాణ్ణి, ఇంకో ఏడాదికి అదీ మానేసేవాణ్ణి. నేను ఎటు వెళ్తున్నానో నాకు కళ్ళకి కట్టినట్టు కనబడింది.

"నీ కంప్యూటర్ తీసెయ్. ఇందులో ఉంచకు" అన్నారు మామగారు.

తీశాను. వంటింట్లో ముక్కాలిపీట ఒకటుంటే తెచ్చి షోకేసు పక్కన వేసి, కంప్యూటర్ దాని మీద పెట్టాను. అత్తగారు వద్దనలేదు. పీట కాలు కదులుతోందని అట్టముక్క మడిచి ఆవిడే కింద పెట్టారు. గాలి తగలగానే ఫ్యాను గోల తగ్గిపోయింది.

"ఇందులో రేడియో కూడా వస్తుందండీ" అన్నాను మామగారితో. నాకు అక్కర్లేదనుకున్న ఆ చిన్న వైరు యాంటెన్నా కిటికీ చువ్వకి చుట్టి, రిమోటు ఆయన చేతికిచ్చాను. మొదట చాలాసేపు గర్రుమంది. తర్వాత ఎవరో ఆడమనిషి పొలాలకి మందు ఎప్పుడు కొట్టాలో చెప్పడం మొదలుపెట్టింది. ఆయన ముందుకు వంగి, ఆ విషయాలన్నీ ఆయనకి కంఠతా వచ్చినా, ఒక్క మాట పోకుండా విన్నారు. అత్తగారు కాసేపు గుమ్మంలో నిలబడి విని, కళ్ళు తుడుచుకుని దీపం వేళయిందని వంటింట్లోకి వెళ్ళారు.

కార్యక్రమం అయ్యాక మామగారు రేడియోని మళ్ళీ గుడ్డలో చుట్టి దాని అరలో పెట్టేశారు. అద్దం జరిపి తాళం వేశారు. కంప్యూటర్ని చేత్తో ఒకసారి తడిమి, "వెళ్ళిపోయేటప్పుడు దీన్ని పట్టుకుపోవడం మర్చిపోకు" అన్నారు.

"నేనెక్కడికీ వెళ్ళడం లేదు మావయ్యగారూ."

"నేనూ ఒకప్పుడు అలాగే అన్నానయ్యా, ఇలా ఉండిపోయాను" అని రిమోటు నా చేతిలో పెట్టి, తాళంచెవి ఇచ్చెయ్యడానికి ఆయన వంటింట్లోకి వెళ్ళారు.